రెండోదాంతోనే చిక్కు

వరండాలో ఆయన ఫోన్ మాట్లాడుతున్నాడు. లోపల పాపకు పాలు పడుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మొదటిది బ్రహ్మాండంగా ఉంది మేడం. చిక్కంతా రెండోదాంతోనే. మొదటిదాన్ని అసలు గుర్తించట్లేదు. ఇక లాభం లేదు, దీన్ని వదిలించుకుని ఇంకోదాన్ని తెప్పిద్దాం."

పాలసీసా చేతిలోంచి జారింది. ఇలాంటి మాటలా! అదీ ఆ మేడంతో!

ఆయన స్నానానికి వెళ్ళాడో లేదో, పాపను చంకనేసుకుని ఆయనా, మేడమూ పనిచేసే ల్యాబుకు బయల్దేరింది. కాపురం ఉందో ఊడిందో ఇవాళే తేల్చుకోవాలి. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి ఆయనది.

మేడం తలుపు దగ్గరే ఎదురైంది. "ఏంటమ్మాయ్, ఇంత పొద్దున్నే?"

"మొదటిది, రెండోది అంటూ ఫోన్లో ఆ మాటలేంటండీ? నాకేం చెవుడనుకున్నారా?"

మేడం బిత్తరపోయింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ఫ్రిజ్‌లోంచి వేలెడంత లేని రెండు గొట్టాలు తీసింది.

"ఇవీ ఆ ఇద్దరూ. యాంటీబాడీలు. బల్ల మీదున్న ఈ పల్చటి పొర మీద మనకు కావాల్సిన ప్రోటీన్ ఉందో లేదో చూడాలి. మొదటిది వెళ్ళి దాన్ని పట్టుకుంటుంది, కానీ కంటికి ఆనదు. రెండోదానికి మెరిసే రంగు తగిలించి ఉంటుంది. అది పోయి మొదటిదాన్ని పట్టుకుంటే, అక్కడ వెలుగొస్తుంది."

"మరి గుర్తించట్లేదన్నారు?"

"మొదటిది కుందేలు రక్తంలోంచి తీసింది. మీ ఆయనేమో ఎలుక నుంచి తీసినదాన్ని మాత్రమే పట్టుకునే రెండోదాన్ని తెప్పించాడు. కుందేలుది దానికేం తెలుస్తుంది? చూసి తెచ్చుకునే అలవాటు ఆ మనిషికి ఎప్పుడుంది గనక!"

"అయితే వదిలించుకునేది... ఈ గొట్టాన్నా?"

"దీన్నే తల్లీ. నీ కాపురానికి ఢోకా లేదు."

ఆమె అక్కడే స్టూలు మీద కూలబడింది. కళ్ళు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది. పాప కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది.

మేడం కన్ను గీటింది. "మెరుపంతా రెండోదానిదే అమ్మాయ్. పట్టు మాత్రం మొదటిదానిది."

"ఆ మొదటిది కనపడాలన్నా రెండోదే రావాలిగా!"

ఆయనకు విడాకులిచ్చిన మొదటి భార్యతో ఆమె ఇలా నవ్వుతూ మాట్లాడటం, పెళ్ళయిన ఈ రెండేళ్ళలో ఇదే తొలిసారి.