బూడిదమొహం వదిన

ఎండ సరిగా దిగని లోతులో, పగడపు దిబ్బ మీద అన్నీ బూడిద రంగే. రాయీ బూడిదే, చేపా బూడిదే. అక్కడ ఒకే బొరియలో ముళ్ళమ్మ, తోకమ్మ అని రెండు ఆడచేపలు కాపురం ఉండేవి. ఎప్పుడో గుమ్మం దగ్గర చోటు కోసం మాటా మాటా పెరిగి, "పోవే, బూడిదమొహందానా!" అనేసింది తోకమ్మ. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఒకనాడు పైనుంచి ఒక మనిషి, కలలో తేలుతున్నట్టు, మెల్లగా దిగొచ్చాడు. అతని చేతిలో కెమెరా తళుక్కుమంది. ఆ ఒక్క మెరుపులో దిబ్బంతా పూసినట్టయింది. ముళ్ళమ్మ కళ్ళెదుట తోకమ్మ మంకెనపువ్వులా భగ్గుమంది. మరుక్షణం మళ్ళీ బూడిదే. మనిషి బుడగలు వదులుకుంటూ పైకి వెళ్ళిపోయాడు.

మరి నేనో? ముళ్ళమ్మకి మనసు ఆగలేదు. తన మొహం తనకి కనపడదాయె. చూసింది తోకమ్మ ఒక్కతే. మూడు ఆటుపోట్లు బిగుసుకుని కూర్చుని, చివరికి పంతం మింగి పక్కకి జరిగింది.

"వదినా, ఆ వెలుగులో నువ్వు మంకెనపువ్వులా ఉన్నావు. నేనెలా ఉన్నాను?"

తోకమ్మ మొహం రాయి వైపు తిప్పుకుంది.

"బూడిదమొహం అన్న ఈ నోటితో నీ రంగులు ఎలా చెప్పను వదినా?"