వాషర్ నీళ్ళ వాకబు

“మరి మంచు పడితేనో?” అన్నాడు శ్రీరామమూర్తి.

కారు అద్దం కడిగే నీళ్ళ సీసాలు అప్పటికే కౌంటరు నిండా పరుచుకుని ఉన్నాయి. నీలంవి, ఆకుపచ్చవి, ఒకటి గులాబీరంగుది కూడా. అన్నిటి మూతలూ తీయించి వాసన చూడటం అయిపోయింది.

“హైదరాబాద్ల మంచేడిది సార్?” అన్నాడు కౌంటరు వెనకున్న గడ్డం అబ్బాయి.

“ఇక్కడ పడకపోతే కాశ్మీర్‌లో పడదా? మేం వెళ్తేనో?”

“కారేసుకొని పోతరా సార్?”

“పోకూడదా?”

“పోవచ్చు సార్. పోయినంక గాడనే కొనుక్కోన్రి. మంచు కోసం చేసింది గీడ పోస్తే దండుగ. మనకున్నది దుమ్ము, ఎండ, వానకాలం బురద. గీ నీలంది సాలు.”

గొంతు పెరగలేదు. నొసలు ముడిపడలేదు. శ్రీరామమూర్తికి ఒళ్ళు మండింది.

నిజానికి ఆయనకు ఏ నీళ్ళూ అక్కర్లేదు. కారు మొన్ననే సర్వీసింగ్ నుంచి వచ్చింది. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో ఉన్న ఈ కారు సామాన్ల దుకాణానికి ఆయన వచ్చింది కాబోయే అల్లుణ్ణి చూడటానికి. కూతురు భవ్యకు వచ్చిన సంబంధం. అబ్బాయి పేరు రవిచంద్ర, దుకాణం సొంతం, పొద్దస్తమానం కౌంటరు వదలడు అని మధ్యవర్తి సదాశివ చెప్పాడు. మధ్యవర్తి మాట నమ్మి పిల్లనిస్తారా ఎవరైనా? మనం వెళ్ళి, మనమెవరో చెప్పకుండా వాకబు చేసుకోవాలి.

భవ్య కోరింది ఒక్కటే. “ఆస్తి చూడకు, చదువు చూడకు. అరిచేవాడు మాత్రం వద్దు నాన్నా. చిన్నప్పట్నుంచి విన్న అరుపులు చాలు.”

ఆ అరుపులు ఎవరివో ఆ పిల్ల చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఆ మాట శ్రీరామమూర్తికి ఎక్కడో దిగింది. అందుకే ఈ అబ్బాయికి కోపం తెప్పించి చూడాలని కంకణం కట్టుకుని వచ్చాడు.

పేరు అడిగితే వాకబు బయటపడుతుంది కాబట్టి అడగలేదు. సదాశివ ఇచ్చిన ఫోటోలో గడ్డం లేదు, ఇక్కడ ఉంది. ఈ కాలం కుర్రాళ్ళకు గడ్డం పెంచడానికి ఎంతసేపు? మాట చూస్తే అచ్చ తెలంగాణ మాట. రవిచంద్ర వాళ్ళది తెనాలి వైపైనా, అతను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనేగా. మన భవ్య మాత్రం “ఏంది నాన్నా” అనడం లేదూ!

“ఇవన్నీ మందులు. కుంకుడు రసం పోస్తే పోదా?” అన్నాడు.

“నురగొస్తది, గొట్టం పూడుకపోతది సార్.”

“షాంపూ?”

“గదీ గంతే. ఉత్త బోరు నీళ్ళు పోసినా అద్దం మీద తెల్ల మరకలు పడతయి.”

“మాది తెల్ల కారు. నీలం నీళ్ళు కారితే నీలం మరకలు పడవా?”

అబ్బాయి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. ఇదిగో, ఇప్పుడు అరుస్తాడు అనుకున్నాడు శ్రీరామమూర్తి ఆశగా.

“పడవు సార్. సూడున్రి,” అంటూ అబ్బాయి తన తెల్ల చొక్కా చేతి మీదే నాలుగు చుక్కలు పోసుకున్నాడు.

జేబులో ఫోను మోగింది. భార్య వరలక్ష్మి. ఎత్తితే “అబ్బాయి ఎలా ఉన్నాడు?” అని దుకాణమంతా వినపడేలా అడుగుతుంది. కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. ఈ మనిషికి కాస్త ఓపిక అనేది లేదు కదా!

వెనక నిలబడ్డ క్యాబ్ డ్రైవర్‌కు మాత్రం ఓపిక చచ్చిపోయింది. “పెద్దాయనా, గది అద్దం మీద పోసేది, గొంతుల పోసేది కాదు. జల్ది తేల్చరాదే!”

“నువ్వూరుకో అన్నా. పెద్దమనిషి, నాలుగు తీర్ల అడుగుతడు,” అన్నాడు అబ్బాయి.

ఇతని ఒంట్లో రక్తమే ఉందా, లేక ఈ నీలం నీళ్ళే పారుతున్నాయా? శ్రీరామమూర్తికి విసుగు తలకెక్కింది. చివరి అస్త్రం తీశాడు.

“ఏదీ బాగాలేదయ్యా. నాకేం వద్దు.”

అబ్బాయి సీసాలన్నిటి వైపూ ఒకసారి చూశాడు. ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు. తర్వాత ఒక్కో మూతా బిగించడం మొదలుపెట్టాడు.

“మంచిది సార్. మళ్ళ రాన్రి. ఎండల పోతున్నరు, జర మంచినీళ్ళు తాగి పోన్రి.”

శ్రీరామమూర్తి గటగటా తాగేశాడు. కళ్ళు చెమర్చాయి. తనైతే ఈపాటికి ఆ సీసా ఎదుటివాడి నెత్తిమీద పగలగొట్టేవాడు. భవ్య అదృష్టవంతురాలు.

బయటికొచ్చి, ట్రాఫిక్ రొదలోనే సదాశివకు ఫోన్ చేశాడు. “రవిచంద్రకే మా పిల్ల. మాట ఇచ్చేస్తున్నాను. వాళ్ళకు ఇప్పుడే చెప్పెయ్. పంతులుగారితో ముహూర్తం పెట్టించు.”

ఫోను పెట్టేశాడో లేదో వరలక్ష్మి మళ్ళీ చేసింది.

“ఎన్నిసార్లండీ చెయ్యడం? ఒక్కసారి ఎత్తితే మీ సొమ్మేం పోయింది?”

“ముందు శుభవార్త విను! రవిచంద్రను అన్నివిధాలా పరీక్షించాను. బంగారం అనుకో. మాట కూడా ఇచ్చేశాను.”



“మీ కోసం గంటసేపు మనింట్లో కూర్చుని, భవ్య మీద అరిచి ఇప్పుడే పోయాడండీ రవిచంద్ర.”