వడకట్టే రోజు

గొడుగులాయన అడగకుండానే జాడీ మూత తీశాడు.

ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గాలి లోపలికి పీల్చాడు.

“ఇంకో ఎనిమిది రోజులు ఉంచు అమ్మాయీ,” అన్నాడు మూత బిగిస్తూ.

అమ్మాయికి ఒళ్ళు మండింది.

ఆమెకు నలభై దాటాయి. అయినా ఆ మూలికల కొట్టుకు వచ్చేవాళ్ళందరికీ ఇంకా ‘అమ్మాయే’. మూడు నెలల కిందట తల్లి పోతే, ఉద్యోగం మానేసి వచ్చి కొట్టు తెరిచింది. తల్లి చేసే గొంతు టింక్చర్ మాత్రం చేతికి చిక్కడం లేదు.

చూడబోతే పని చిన్నదే. అతిమధురం వేళ్ళు, నీడన ఆరబెట్టిన పుదీనా ఆకు స్పిరిట్‌లో నానబెట్టాలి. రోజూ ఓసారి జాడీని కుదపాలి. సారం దిగాక వడకట్టాలి.

ఆ ‘దిగాక’ దగ్గరే వచ్చింది తంటా.

తల్లి నోట్‌బుక్‌లో కొలతలున్నాయి గానీ రోజుల లెక్క లేదు. ప్రతి పేజీ చివరా ఒకటే మాట: ‘వాసన మారాక వడకట్టాలి.’

మొదటి జాడీకి ఆమె తొందరపడింది. వేళ్ళను మిక్సీలో పొడి కొట్టి, జాడీని వేడినీళ్ళ గిన్నెలో కూర్చోబెట్టి, వారాల పనిని రెండు రోజుల్లో తేల్చేసింది.

పాటల టీచరు కొన్న సీసా వెనక్కి తెచ్చి బల్లమీద పెట్టింది. “మీ అమ్మ మందు గొంతులో కూర్చునేది. ఇది గొంతు పట్టుకుంటోంది.”

రెండో జాడీ ఇది. వేళ్ళు కత్తితో తరిగింది. చీకటి అలమరలో పెట్టింది. ఒక్కరోజు తప్పకుండా కుదిపింది. ఇదీ కుదరకపోతే కొట్టు మూసేసి మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవడమే. ఆ మాట కొట్టు వెనక పనుల్లో సాయపడే పిన్నితో తప్ప ఎవరితోనూ అనలేదు.

అలాంటి జాడీలో ఈయన వచ్చి ముక్కు పెట్టాడు.

“జనం తాగే మందు బాబాయ్‌గారూ. ఎవరు పడితే వాళ్ళు మూత తీస్తే ఎలా?”

“పొరపాటేనమ్మా. గురువారం గురువారం అలవాటైపోయింది.”

“గొడుగుల సంగతి మీకు తెలుసు, కాదనను. మందుల సంగతి మీకేం తెలుస్తుంది?”

“వాన వాసన నాకు రెండు గంటల ముందే తెలుస్తుంది. అందుకే ఈ గొడుగుల వ్యాపారంలో పడ్డాను,” అని నవ్వించబోయాడు.

ఆమె నవ్వలేదు.

“మా అమ్మ ముక్కు ముందు ఎవరి ముక్కయినా దిగదుడుపే. ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు.”

ఆయన జాడీని జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు. గొడుగు చంకలో పెట్టుకున్నాడు.

“నిజమేనమ్మా,” అన్నాడు మెల్లగా. “నన్నడిగినా అదే చెప్తాను.”

గడప దాటబోతూ వెనక్కి తిరిగాడు. “చలి రోజులు కదా. ఎనిమిది మీద ఇంకొకటి ఉంచినా నష్టం లేదు.”

ఆ పంతానికే ఆమె సాయంత్రం గుడ్డ పరిచి జాడీ వంచేసింది. పిప్పిని రెండు చేతులా పిండింది కూడా.

పాటల టీచరు రెండు చుక్కలు నాలుకమీద వేసుకుని, ఆమె మొహం వైపు చూడకుండా అంది. “ఇంకో వారం ఆగాల్సిందేమోనమ్మా.”

ఎనిమిది రోజులు. అమ్మాయికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మిగిలిన వేళ్ళన్నీ ఊడ్చి మూడో జాడీ పెట్టింది. గురువారం వచ్చింది, ఆయన రాలేదు. మరుసటి గురువారమూ రాలేదు. నాలుగోది కూడా వెళ్ళిపోయాక అభిమానం చంపుకుని, జాడీని సంచిలో పెట్టుకుని, రెండు వీధుల అవతల ఉన్న గొడుగుల షాపుకు వెళ్ళింది.

షట్టరు దించి ఉంది.

“పోయిన వారం నిద్రలోనే వెళ్ళిపోయాడమ్మా,” అన్నాడు పక్కనే వాచీలు బాగుచేసే ఆయన. “అమ్మాయి జాడీ ఏమైందో, ఏమైందో అని ఒకటే గోల. వెళ్ళి చూసి రావయ్యా అంటే, వద్దన్నచోటికి ఎలా వెళ్తాననేవాడు.”

ఆమె జాడీని గుండెకు ఆనించుకుని తిరిగొచ్చింది.

కొట్టు వెనక పిన్ని సీసాలు కడుగుతోంది.

అమ్మాయి మూత తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమీ తెలియలేదు.

“కొట్టు మూసేద్దాం పిన్నీ. అమ్మకున్న ముక్కు నాకు రాలేదు.”

పిన్ని చెయ్యి ఆగింది.

“మీ అమ్మకెక్కడిదే ముక్కు?”

“అదేమిటి?”

“పదకొండేళ్ళ కిందట వచ్చిన ఆ పెద్ద జ్వరంతోనే పోయింది. స్టవ్ మీద పాలు మాడినా తెలిసేది కాదు. కొట్టుకొచ్చేవాళ్ళకి తెలిస్తే ఇంకెవరొస్తారని దాచుకుంది. నువ్వు ఉద్యోగం మానుకుని వచ్చేస్తావని నీకూ చెప్పనివ్వలేదు.”

“మరి ఏ జాడీ ఎప్పుడు వడకట్టాలో ఎలా తెలిసేది?”

“గురువారం గురువారం వస్తూనే ఉన్నాడనుకున్నాను, ఇంక నీకేం దిగులని నేను నోరు మెదపలేదు,” అంది పిన్ని, కడిగిన సీసాను గుడ్డమీద బోర్లిస్తూ. “పదకొండేళ్ళూ మీ అమ్మ ముక్కు ఆ గొడుగులాయనేనే.”