ఎవరి వంతూ కాని నెల

"లోపలికి రాను అన్నయ్యా. అమ్మెక్కడుందో ఇక్కడే చెప్పు."

ప్రత్తిపాడులో రంగయ్య ఇంటి అరుగుకి ఆనుకుని ఆగింది కారు. సామ్రాజ్యం దిగి, డోరు పక్కనే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. కూతురు అనూష స్టీరింగు ముందు నుంచి కదల్లేదు. ఏసీ కట్టలేదు గానీ, వెనక అద్దం మాత్రం సగం దించింది.

"కారుని ఇంట్లోకే తోలేట్టున్నారే! ఆ వేపచెట్టు కింద పెట్టుకోకూడదూ?" అంది వదిన, అరుగు మీద పేర్చిన మిర్చి టిక్కీ బస్తాల వెనక నుంచి.

"ఇక్కడే బాగుంది వదినా. ఎంతసేపుంటాం గనక?"

రంగయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "వైశాఖం నా వంతు. అయిపోయింది. అమావాస్య వెళ్ళగానే బస్సెక్కించా. ఇప్పుడు జ్యేష్ఠం, తమ్ముడి వంతు. అమ్మని చూడాలంటే పిడుగురాళ్ల పో."

"గట్టిగా చెప్పు. వినపడట్లా."

"నీక్కూడా అమ్మలాగే చెవుడొచ్చిందా?" అని అరిచాడు రంగయ్య. "బస్సెక్కించానంటున్నా! గుంటూరులో పిడుగురాళ్ల బస్సు ఎక్కించమని కండక్టరుకి చెప్పా!"

"ఒక్కదాన్నే?"

"కూలిపని మానుకుని ఎవరొస్తారమ్మా తోడు?"

"చేరిందో లేదో కనుక్కున్నావా?"

"చేరకపోతే వాడే చేసేవాడుగా ఫోను!"

పొలం గట్టు తగాదా వచ్చిన దగ్గర్నుంచీ అన్నదమ్ములకి మాటల్లేవు. ఇద్దరి మధ్యా నెల నెలా మూట కట్టుకుని ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగింది తల్లి ఒక్కతే. ఆ మూటకి ముడి వేసే చేతులు సామ్రాజ్యానికి బాగా తెలుసు. తను కాపురానికి వెళ్ళిన రోజున చీరలు మూటగట్టి, ముడి వెయ్యలేక, వేసిన ముడి విప్పలేక ఏడ్చిన చేతులవి.

నరసరావుపేటలో టిఫిను కోసం ఆగారు.

"ఇడ్లీ మెత్తగా ఉందో లేదో చూసి కట్టించు. కారప్పొడి వద్దు. పంచదార వెయ్యమను," అంది సామ్రాజ్యం.

"ఇడ్లీలోకి పంచదారంటే ఈ హోటలాయన నన్ను ఊరు దాటనివ్వడమ్మా!" అని నవ్వుతూ దిగింది అనూష. తిరిగొచ్చి బండి తీస్తూ అడిగింది. "పెద్దమామయ్య సంగతి సరే. చిన్నమామయ్యయినా..."

"చిన్నవాడు మెత్తనోడే. అమ్మ చెయ్యి వదిలి నిద్రపోయేవాడు కాదు. చూద్దాం. నువ్వు గుంతల్లో నిదానంగా పోనీ."

పిడుగురాళ్లలో శివనాగరాజు వాకిట్లోని జామచెట్టు బట్టీల సున్నం పట్టి తెల్లగా ఉంది. ఇక్కడ కూడా కారు గడపకి ఆనుకునే ఆగింది. శివనాగరాజు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"సెలవులకొచ్చారా అక్కా! దిండ్లూ దుప్పట్లూ సీటు నిండా వేసుకొచ్చారే. మా ఇంట్లో లేవనుకున్నారా?"

"అమ్మేదిరా?"

"అమ్మా? అన్నయ్య దగ్గర!"

"వాడి వైశాఖం అయిపోయిందంట."

"అయితే? ఇది అధిక జ్యేష్ఠం అక్కా. నా వంతు నిజ జ్యేష్ఠం నుంచి. అధిక మాసం ఎవరి లెక్కలోకీ రాదు."

"లెక్కలోకి రాకపోతే ఈ నెలంతా అమ్మకి ఆకలెయ్యదా?"

శివనాగరాజు నవ్వు ఆగిపోయింది. "అంటే... పంపించేశాడా?"

"ఫోను చేసి నువ్వే అడుగు. స్పీకరు పెట్టు."

చాలా కాలానికి మాట్లాడుకున్న అన్నదమ్ములు అందుకు తగ్గట్టే అరుచుకున్నారు.

"బస్టాండుకి ఎందుకు రాలేదురా?"

"పంపిస్తున్నానని చెప్పావా నువ్వు? పంచాంగం చూసుకోవా?"

"నీ పంచాంగం తగలెయ్య! నా నెల నేను పెట్టా!"

"ఈ నెల నాది కాదని నలుగురిలో కూర్చోబెట్టి చెప్పిస్తా!"

అమ్మ ఏమైపోయిందిరా అన్న మాట ఏ ఒక్కరి నోటి నుంచైనా వస్తుందేమోనని ఎదురు చూసింది సామ్రాజ్యం. చిన్నవాడి మొహంలోకి అదే పనిగా చూసింది. వాడు ఫోనులోకి వేలు చూపించి మరీ అరుస్తున్నాడు. సామ్రాజ్యం ఆ ఫోను లాక్కుని కట్టేసింది.

"ఇంక వంతుల్లేవు. అమ్మ నా దగ్గరే ఉంటుంది."

"ముందు దొరకాలిగా!" అన్నాడు శివనాగరాజు విసురుగా. తర్వాత గొంతు తగ్గించాడు. "అయినా ఆడపిల్ల ఇంట్లో తల్లిని పెడితే మా పరువేం కాను?"

"ఆ పరువుని మీరిద్దరూ నెలకొకరు ఉంచుకోండిరా. అధిక మాసంలో కూడా."

"అక్కా, ఆగు..."

ఆగలేదు. ముందు సీట్లో కూర్చుని డోరేసుకుంది. "దర్శి పోనియ్యి. మనింటికి."

కారు వీధి మలుపు తిరిగింది. సామ్రాజ్యం కళ్ళు ఒత్తుకుని, ఎదురుగా రోడ్డుకేసే చూస్తూ గట్టిగా అడిగింది.

"విన్నావా?"

అనూష అద్దంలోంచి వెనక సీటు వంక చూసింది.

"విన్నానే," అంటూ వెనక సీట్లో దుప్పటి తీసి అమ్మ లేచి కూర్చుంది.