చొక్కలింగం అన్న తీసే కాపీ

మదురైలో నాకు కంప్యూటర్ల పని నేర్పింది చొక్కలింగం అన్న. కంప్యూటర్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీలో చెయ్యి పెట్టే ముందు ఆయన తప్పకుండా దానికి కాపీ తీసేవాడు. కాగితం మీద ఏం రాసినా పైన వినాయకుడి గుర్తుగా ‘ఉ’ అని పిళ్ళైయార్ సుళి పెట్టే మనిషి కదా, ఆ కాపీకీ ‘ఉ’ అనే పేరు పెట్టేవాడు. నేను మరిచిపోతే, “మెదడు ఇంట్లో పెట్టి వచ్చావేంట్రా?” అనేవాడు. ఆయన పోయి మూడేళ్లయింది.

ఆ రాత్రి స్కానింగ్ సెంటర్ గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. స్కానర్ కంప్యూటర్ రిజిస్ట్రీలో పనికిరాని ఎంట్రీలు తీసేయబోయి, పొరపాటున స్కానర్‌ ఎంట్రీలన్నీ తీసేశాను. కాపీ తీయలేదు. స్కానర్ ఆగిపోయింది.

నర్సు పేచ్చియక్క తలుపు తీసి తొంగిచూసింది. “ఏం తంబీ, ఇంకా అవలేదా? తలకి దెబ్బ తగిలిన పిల్లని తీసుకొస్తున్నారు. పావుగంటలో ఇక్కడుంటారు.”

“అయిపోయిందక్కా,” అని అబద్ధమాడాను.

ఆమె వెళ్ళాక ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఏ దారీ తోచక డి డ్రైవ్ తెరిచాను. అందులో ఒకే ఒక్క ఫైలు ఉంది. పేరు ‘ఉ 1’. తయారైన సమయం 11:42. నేను ఎంట్రీలు తీసేసింది 11:43కి. ఆ కంప్యూటర్ కొన్నదే పోయిన నెలలో.

దాని మీద నొక్కాను. పోయినవన్నీ తిరిగొచ్చాయి. స్కానర్ మెల్లగా హోరందుకుంది. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను, ఆయన గదిలోకి వచ్చినప్పుడు నిలబడినట్టు.

ఆ పనికిరానివి తీస్తే గానీ స్కానర్ నిలకడగా నడవదు. మళ్ళీ మౌస్ మీద చెయ్యి వేశాను. ఇంకా నొక్కలేదు.

‘ఉ 1’ కింద ‘ఉ 2’ వచ్చి నిలిచింది.