పది మార్కుల మరణం

"హాజ్, భోజనాలు ఒంటిగంటకి. ఇప్పుడే వచ్చేశారేం?"

సదస్సు హాలు గుమ్మంలో ఆ ముసలాయన్ని చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు ప్రొఫెసర్ నాజీ గర్గూరీ. ముసలివాళ్లెవరినైనా హాజ్ అనడం అక్కడి మర్యాద.

"హజ్‌కి ఎప్పుడూ పోలేదు బాబూ. కెర్కెన్నా నుంచి పొద్దుటి ఓడెక్కి వచ్చానంతే," అన్నాడు ముసలాయన.

సదస్సు జరుగుతున్న స్ఫాక్స్ రేవుకి గంట దూరంలో ఉన్న దీవి అది. అక్కడినుంచి ఎండబెట్టిన ఆక్టోపస్ వస్తుంది గానీ గణితం రాదని నాజీ గట్టి నమ్మకం.

"ఏం పనిమీద?"

"మీ బ్యానర్ మీద ఒక తప్పుంది. ఒక్క మాటే. చెప్పిపోదామని."

నాజీ తలెత్తి చదివాడు.

'కీర్తిశేషులు మొఖ్తార్ జెల్లూలీ స్మారక అంతర్జాతీయ గణిత సదస్సు.'

అల్జీరియా నుంచి ఒకాయన వచ్చాడు కాబట్టి అంతర్జాతీయం. జెల్లూలీ పేరుమీద ఒక లెమ్మా ఉంది కాబట్టి కీర్తిశేషులు.

లెమ్మా అంటే పెద్ద సిద్ధాంతం ఎక్కడానికి వేసుకునే చిన్న మెట్టు. యాభై ఏళ్ల కిందట జెల్లూలీ ఆ ఒక్క మెట్టూ కట్టాడు. ఆ తర్వాత ఒక్క పేపరూ రాయలేదు. లెక్కలవాళ్ల లెక్కలో దాన్నే పోవడం అంటారు. పైగా ఎవరి పేరైనా లెమ్మాకెక్కిందంటే, ఇక 'లెమ్మా, లెమ్మా' అని ఎంత పిలిచినా ఆ మనిషి లేవడనే అర్థం!

"కీర్తికి కీర్తి ఉంది, శేషానికి శేషం ఉంది. లెక్క సరిపోయిందిగా!" అన్నాడు నాజీ. "ఆయన మీకు చుట్టమా?"

"దగ్గరివాణ్ణే."

"అయితే మీకు పుణ్యముంటుంది, ఇవాళ్టికి ఆ బ్యానర్ జోలికి పోకండి. ముందు వరసలో నల్లకోటాయన కనబడుతున్నాడా? రాజధాని నుంచి వచ్చిన పరిశీలకుడు. లెక్కల పత్రికలకీ సదస్సులకీ గ్రేడులిచ్చేది ఆయనే."

"ఆలివ్ నూనెకి ఇచ్చినట్టా?"

"నూనెకైతే రుచి చూసి ఇస్తారు హాజ్. మాకు ఆ బాధ లేదు."

ముసలాయన నవ్వాడు. చాలాకాలంగా తియ్యని తలుపులా కిర్రుమంది ఆ నవ్వు.

వినేవాడు దొరికాడని నాజీ రెచ్చిపోయాడు.

"నన్ను 'సీ నాజీ' అంటారు చూశారూ, మనిషి పేరుకి ముందు సీ ఉంటే గౌరవం. సదస్సు పేరుకి వెనక సీ వచ్చిందా, ఛీ!"

"వస్తే ఏమవుతుంది, సీ నాజీ?"

"నాకేమీ కాదు. అదిగో, వేదిక మీద నీళ్లు తాగుతోందే ఆ పిల్ల, రబాబ్, దానికి అవుతుంది. బీ గ్రేడు సదస్సులో పేపరు చదవకపోతే డాక్టరేటు ఇవ్వరు. ఈ నెలాఖరుతో గడువు సరి. ఆపైన చదివిందంతా సముద్రం పాలు."

"బీ వస్తుందా మరి?"

"వస్తుంది. స్మారక సదస్సుకి పది మార్కులు అదనం. వాటితోనే గట్టెక్కుతున్నాం."

ముసలాయన అడిగాడు. "ఒకవేళ ఆయన బతికుంటే?"

నాజీ గుండెమీద చెయ్యేసుకున్నాడు.

"అంత మాట అనకండి హాజ్! ఆయన బతికుంటే మేం చస్తాం."

ముసలాయన బ్యానర్ వంక చూశాడు. వేదిక మీద కాగితాలు సర్దుకుంటున్న రబాబ్ వంక చూశాడు. పిల్ల వాటిని కిందపడేసుకుని మళ్లీ ఏరుకుంది.

"ఇంతకీ ఆ తప్పేమిటి?" అన్నాడు నాజీ.

"ఏం లేదులే బాబూ. నేనే సరిగ్గా చదవలేదు."

వెళ్లి ఆఖరి వరసలో కూర్చున్నాడు.

రబాబ్ మాట్లాడింది జెల్లూలీ లెమ్మా గురించే. హాల్లో సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు. పరిశీలకుడు ఖాళీ కుర్చీలు చూసుకుంటున్నాడు. వింటున్నది ముసలాయన ఒక్కడే. ముందుకు వంగి, నోరు కొద్దిగా తెరిచి, ఊళ్లోకి తన భాషవాడెవరో వచ్చినట్టు వింటున్నాడు.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?"

ముసలాయన చెయ్యి సగం లేచింది. పరిశీలకుడు వెనక్కి తిరిగి చూడగానే మెల్లగా దిగిపోయింది.

భోజనాల దగ్గర, చేపలతో వండిన గోధుమరవ్వ కుస్కుస్ పళ్లెం పట్టుకుని వెళుతున్న రబాబ్‌ని ముసలాయన పిలిచాడు.

"చాలా బాగా చెప్పావు తల్లీ. మా దీవిలో దీని గురించి మాట్లాడేవాళ్లే లేరు. ఇలా కూచుని ఆ రెండో భాగం ఇంకోసారి చెబుతావా?"

"తప్పకుండా హాజ్! పరిశీలకులవారు పిలుస్తున్నారు, ఒక్క నిమిషంలో వచ్చేస్తా."

ముసలాయన పక్క కుర్చీ లాగి ఆమె కోసం అట్టేపెట్టాడు. ఎవరో వచ్చి "ఖాళీయేనా?" అంటే, "లేదు బాబూ, మనిషి ఉంది," అన్నాడు. ఆయన పళ్లెంలో కుస్కుస్ చల్లారి గడ్డకట్టింది. ఓడ వేళయింది. ఆయన లేచి వెళ్లడం ఎవరూ చూడలేదు.

సాయంత్రం బీ గ్రేడు వచ్చింది. రబాబ్ ఏడ్చేసింది. నాజీ అందరికీ మక్రూద్ మిఠాయి పంచి, "బీ అంటే బీదతనం పోవడం!" అని ఒకటి విసిరాడు. అందరూ నవ్వారు.

వారం తిరక్కుండా నాజీ ఫోను మోగింది.

"సీ నాజీ గారేనా అండీ? నా పేరు నజీహా. కెర్కెన్నా నుంచి మాట్లాడుతున్నా. మా మావయ్య పొద్దున పోయారండీ. మొన్న మీ సదస్సుకి ఓడెక్కి వచ్చారే, ఆయనే."

"అయ్యో, ఆ పెద్దాయనా! పేరైనా అడగలేదమ్మా నేను."

"జనాజాకి, అంతిమయాత్రకి, ఊళ్లోవాళ్లంతా వస్తున్నారు. లెక్కలు తెలిసినవాళ్లు ఒక్కరైనా వెంట నడిస్తే బావుండునని నేనే ఫోను చేస్తున్నానండీ, ఆయన వద్దన్నా."

"వద్దన్నారా? ఎందుకు?"



"'ఎవరికైనా చెప్పు గానీ నజీహా, వాళ్లకి మాత్రం చెప్పకు, మొఖ్తార్ జెల్లూలీ పోయాడంటే వాళ్లకి పాత వార్తే' అన్నారండీ."