నాలుగో ఫోన్

సాగర్ మూడు ఫోన్లను ఇంటి పెంకుల మీద పెట్టి కిందికి దిగాడు.

ఖానాపూర్ దాటాక ఉన్న ఆ ఊళ్లో సిగ్నల్ కోళ్లతోపాటు కప్పు ఎక్కుతుంది గానీ ఇంట్లోకి రాదు.

మూడింటి నెట్‌నూ ల్యాప్‌టాప్‌లో ఒక్కటిగా కలిపాడు, ఒకే బండికి మూడు ఎడ్లను కట్టినట్టు.

అయినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"పోయినసారి గిట్లనే అయింది," అంది తల్లి ఐలవ్వ. "వీడియోల డాక్టర్‌కు చెయ్యి వణుకుడు చూపెడ్తుంటె బొమ్మ ఆగిపాయె. చెయ్యి మంచిగనే ఉందని గా డాక్టర్ ఫోన్ పెట్టేసిండు."

"ఇయ్యాల పెద్ద డాక్టరే అవ్వా! నెల సంది ఎదురుచూస్తె దొరికిండు. బొమ్మ ఆగనియ్య."

అంతలో ఒకాయన వాకిట్లోకి వచ్చాడు. చేతులకు గ్రీజు, చొక్కా నిండా దుమ్ము.

"కారు ఆగిపోయింది బాబూ. డ్రైవర్ చూస్తుండు. కొన్ని నీళ్లిస్తరా?"

"ఇస్త గని కాకా, నీ ఫోన్ల నెట్ ఉన్నదా?"

ఉందన్నాడు. కాసేపు ఇమ్మంటే ఇచ్చాడు పాపం.

నాలుగో ఫోనూ పెంకులెక్కింది. ఆ నెట్ వేగానికి కప్పు మీది కాకి ఉలిక్కిపడి పక్క ఊళ్లో వాలింది.

తెర మీద అవ్వ చేతి వణుకు చక్కగా కనిపించింది. చూసే డాక్టరే లేడు.

ఐలవ్వ చెంబు అందిస్తుంటే సగం నీళ్లు ఆయన చొక్కా మీదే పడ్డాయి. ఆయన తాగడం మాని ఆ చేతినే చూశాడు.

"ఎన్నాళ్ల సంది వణుకుతుందమ్మా? నేను..."

"జర సప్పుడు చెయ్యకు కాకా! అవుతల పెద్దసారు లైన్లకు వచ్చే యాళ్లయింది."

"నాకూ యాళ్లయింది బాబూ. నా ఫోన్ ఇయ్యి. నా కోసం ఒకరు చూస్తుంటరు."

"చూడనియ్యి! నీ ఫోన్ తీస్తె మా నెట్ పడిపోతది. నీ ముచ్చట్లు రేపు పెట్టుకో."

ఆయన మళ్లీ అడిగాడు. సాగర్ చేతులు జోడించాడు, దండం పెట్టినట్టు కాదు, తిట్టినట్టు.

చివరికి బయట బాగైన కారు హారన్ మోగింది. ఆయనే గోడెక్కి ఫోన్ తీసుకుని, ఐలవ్వ చేతి వైపు మరోసారి చూసి వెళ్లిపోయాడు.

తెర మీద 'మీ సమయం ముగిసింది' అని వచ్చింది.

సాగర్‌కు ఒళ్లు మండింది. ఆసుపత్రికి ఫోన్ కొట్టాడు.

"నాలుగు నెట్లు కలుపుకొని కూసున్నం! మీ డాక్టర్ ఏడ పండుకున్నడు?"

"సారీ అండీ," అంది అవతలి అమ్మాయి. "శ్యాంసుందర్ సార్ కారు ఖానాపూర్ దగ్గర ఆగిపోయిందట. ఎవరో అబ్బాయి నెట్ స్పీడ్ కోసమని సార్ ఫోన్ ఇంటి కప్పు మీద పెట్టి దింపలేదట."